ఏమీ లేని టేపు

"నా టేపు పోయిందండీ," అన్నాడు పెద్దాయన, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

డిటెక్టివ్ చెక్కుతున్న పెన్సిలు పక్కన పెట్టాడు. "ఏ పాటది?"

"పాట కాదు."

"ఎవరిదైనా ఉపన్యాసమా?"

"మాటా లేదు, పాటా లేదు. అందులో ఏమీ లేదు." ఆయన చేతులు వణుకుతున్నాయి. "ఏమీ లేని టేపు. అదే పోయింది."

కిటికీ దగ్గర పాత ఫైళ్లు సర్దుతున్న అసిస్టెంటు ఆగిపోయింది. ఆమె ఈ ఆఫీసులో చేరాక నగలు పోయినవాళ్లు వచ్చారు, కుక్క పోయినవాళ్లు వచ్చారు, పోయిన మొగుడు మళ్లీ దొరికాడని ఏడ్చినావిడ కూడా వచ్చింది. శూన్యం పోయిందని వచ్చిన మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

డిటెక్టివ్‌కి నవ్వు రాలేదు. ఊళ్లో ఆయన్ని అందరూ 'నిదానం గారు' అనేవారు. మంచినీళ్ల గ్లాసు పెద్దాయన ముందుకు జరిపి, "నిదానంగా చెప్పండి. మా అమ్మాయి కూడా వింటుంది," అన్నాడు. అసిస్టెంటు వాళ్ల ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్లెక్కిన పిల్ల, అందుకే ఆయన ఆమెని 'డిగ్రీ' అని పిలిచేవాడు. ఆయన పొరబడగలడని ఆ పిల్ల ఇంతవరకూ నమ్మలేదు.

పెద్దాయన పాటలు రికార్డు చేసే ఇంజనీరు. ఆ పనిలో ఉన్నవాళ్లంతా ఆయన్ని 'మేష్టారు' అంటారు. కుర్రతనంలో వైర్లు మోస్తూ ఈ పనిలోకి వచ్చాడు. తర్వాత మైకు ఎక్కడ పెడితే గొంతు ఎలా పలుకుతుందో పట్టుకున్నాడు. గోడలకు మందపాటి తెరలు తనే కుట్టి వేలాడదీసి ఒక హాలును స్టూడియో చేశాడు. ఆ పైన నిర్మాత కూడా అయ్యాడు. అంటే ఏ పాట పాడాలో, ఎవరు వాయించాలో, ఎప్పుడు "ఇంకొక్కసారి" అనాలో తేల్చేవాడు. ఆయన "చాలు" అన్నాక పాట బాగోలేదని ఎవరూ అనలేదు.

"ప్రతి గదికీ ఓ ఊపిరి ఉంటుందండీ," అన్నాడు మేష్టారు. "పాట తీసే ముందు అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి ఖాళీ హాలుని రికార్డు చేస్తాను. పాటకీ పాటకీ మధ్య టేపు చచ్చిపోయినట్టు ఉండకూడదు, ఆ ఊపిరి ఆడుతూ ఉండాలి. మా పాత హాలుని తర్వాత గోడలు కట్టి గదులు చేసేశాం. ఆ హాలు ఊపిరి ఇప్పుడు ఆ ఒక్క టేపులోనే ఉంది."

"ఇంకేమైనా పోయిందా?"

"అసలు దెబ్బ అక్కడే. నా జీవితమంతా తీసిన పాటల్లోంచి కొన్ని ఏరాను. మళ్లీ మిక్సింగ్ చేశాను. గొంతు ఎంత ముందుండాలి, ఏ వాయిద్యం ఎంత వెనక ఉండాలి, అంతా కొత్తగా తూచి ఒక రీలు కట్టాను. కంపెనీవాళ్లు దాన్ని తీసుకెళ్లి డిస్కులు వేస్తారు. మొన్న రీలు మెషీనెక్కించి చూశాను. డబ్బా నాదే, లోపల పని నాది కాదు!"

"ఎలా తెలిసింది?"

"సూదులు చూశానండీ. మెషీను మీద శబ్దం కొలిచే సూదులుంటాయి. నా మిక్సింగులో ఏ మాటకి సూది ఎంత లేస్తుందో నాకు తెలుసు. ఇందులో వేరే ఆట ఆడుతోంది. టేపు చివరిదాకా తిప్పి చూశాను. అక్కడక్కడా తెల్ల అతుకులు. ఎవరో నా పనిని కోసి, మళ్లీ కుట్టారు." ఆయన బల్ల మీద వేలితో కోసినట్టు చూపించాడు. "నా పేరుతో వెళ్లే ఆఖరి పని అది."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

మేష్టారు గ్లాసు పక్కకి జరిపాడు. "మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. స్టూడియో వ్యవహారాలన్నీ వాడే చూస్తాడు. ఏడాదిగా ఒకటే నస. అమ్మేద్దాం బావా, ఇంక చాలు బావా అని. కొనేది నా పాత శిష్యుడు. ఈ సంకలనం తనే మిక్స్ చేస్తానని ఆ శిష్యుడు అడిగాడు కూడా. కాదన్నాను. రేపు సాయంత్రం కంపెనీ మనిషి వస్తాడు. ఆలోగా తేలకపోతే రీలు ఇవ్వను. పాటలు నాతోనే పోతాయి. మా బావమరిదిని గడప దాటిస్తాను."

"వాడంటే మీకు ఇష్టమేనా?"

"మా ఆవిడ పోయాక నాతో కూర్చుని టీ తాగే మనిషి వాడొక్కడే," అన్నాడు మేష్టారు.

*

స్టూడియో తలుపు తీసింది బావమరిదే. బట్టతల, బొజ్జ, నోటినిండా నవ్వు.

"రండి రండి. దొంగని చూడ్డానికొచ్చారా? ఇదిగో, నేనే. టీలో చక్కెర వేయమంటారా?"

"వేయండి," అన్నాడు డిటెక్టివ్. "దొంగలు కలిపిన టీ ఎప్పుడూ తాగలేదు."

లోపల పొడవాటి గది. ఒక గోడంతా టేపు డబ్బాలు, ప్రతి డబ్బా వీపు మీదా పాట పేరు. మధ్యలో ఒక డబ్బా పట్టేంత ఖాళీ. పక్కనే తాళం లేని బీరువాలో ఖరీదైన మైకులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

"పోయిన డబ్బా మీద ఏం రాసుండేది?" అనడిగింది అసిస్టెంటు.

"ఏమీ రాయలేదు. ఏమీ లేనిదానికి పేరెందుకమ్మా?" అన్నాడు మేష్టారు.

బావమరిది టీ కప్పులు పెట్టి కూర్చోగానే కుర్చీ కిర్రుమని మూలిగింది.

"కుర్చీ!" అని గర్జించాడు మేష్టారు.

"కుర్చీకీ వయసైంది బావా, నన్ను మోసీ మోసీ." డిటెక్టివ్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇక్కడ అన్నిటికీ రూళ్లేనండీ. టేపు కోస్తే ఆ ముక్క పారేయకూడదు. రికార్డు బయటికొచ్చేదాకా మెషీను అంచుకి అంటించి ఉంచాలి. తర్వాత కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తామని! ముక్క పారేసినవాణ్ణి ఈయన బయట పారేస్తాడు."

మేష్టారి కోడలు పక్కగదిలోంచి వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు. పెళ్లై వచ్చాక మావగారి దగ్గరే పని నేర్చుకుని ఇంజనీరైంది. ఆమె భర్తకు పాటల గొడవ పట్టదు, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు.

"ఆ రీలు ఒక్కసారి వినిపిస్తావా అమ్మా?" అన్నాడు డిటెక్టివ్.

ఆమె రీలు ఎక్కించి ముందు మొత్తం వెనక్కి చుట్టింది. తెల్ల అతుకులు చకచకా కళ్ల ముందునుంచి పరుగెత్తాయి. అన్నీ పాటకీ పాటకీ మధ్య ఉన్న జాగాల్లోనే.

"ఇలా వెనక్కి చుట్టి ఉంచితే వెంటనే వినొచ్చుగా?" అంది అసిస్టెంటు.

"మావయ్య ఒప్పుకోరు. విన్నాక అలాగే వదిలేయాలి. తోక బయటికి, తల లోపలికి. అలా అయితే చుట్టు సమంగా ఉండి టేపు చెడదు. వినాలనుకున్నప్పుడే తిప్పుకోవాలి."

"నాకా అలవాటు అబ్బలేదు," అన్నాడు బావమరిది. "తిన్న కంచం కడిగేసినట్టు నేను విన్న వెంటనే తిప్పేస్తాను. పెళ్లాం లేని లోటు ఈయన తిట్లతో తీరిపోయింది."

"ఈ రీలు మీకు దొరికినప్పుడు ఎలా ఉంది మేష్టారూ?"

"తోక బయటికే ఉంది."

పాట మొదలైంది. ఒక ఆడగొంతు, దాని వెనక వేణువు. గదిలో మెత్తగా దీపం వెలిగించినట్టయింది అసిస్టెంటుకి. సరిగ్గా అప్పుడే ఆమె చేతి వాచీ గంట కొట్టింది. సన్నగా, దోమ కూత లాగా రెండుసార్లు. కోడలు ఉలిక్కిపడి చూసింది. బావమరిది నవ్వాపుకుంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అసిస్టెంటుకి ప్రాణం చచ్చిపోయింది. కుర్చీకే గర్జించిన మేష్టారు ఇప్పుడేమంటాడో! కానీ ఆయన సూదుల వంకే చూస్తూ ఉండిపోయాడు.

"చూశారా?" అన్నాడు. "నా సూది ఇలా పడుకోదు."

డిటెక్టివ్ టీ పూర్తిచేసి కోడల్ని పక్కకి తీసుకెళ్లాడు.

"మావగారు ఈ మిక్సింగ్ చేస్తున్నప్పుడు మీరున్నారా?"

"లేనండీ. ఒక్కరే చేస్తానన్నారు. తలుపేసుకుని."

"అయ్యాక విన్నారా?"

"ఒక్కసారి."

"ఎలా ఉంది?"

ఆమె చెవి వెనక పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకుంది. "మావయ్య పనికి మార్కులు వేసేదాన్నా నేను?"

"మధ్యాహ్నాలు ఇక్కడే ఉంటారా?"

ఆ ప్రశ్న వరండాలో ఉన్న బావమరిదికి వినబడింది. "ఎక్కడండీ! నెల్లాళ్లుగా మొగుడి స్కూల్లోనే డ్రైవింగ్ నేర్చుకుంటోంది. పెద్ద సంచీ ఒకటి వేసుకుని మరీ వెళ్తుంది. కారు అందులో పెట్టుకెళ్తుందేమో!"

వెళ్లేముందు మేష్టారు తన మిక్సింగు నకలు ఉన్న క్యాసెట్ ఇచ్చాడు, పోల్చుకోమని. గేటు దగ్గర డిటెక్టివ్ కోడలి వైపు తాళాలు చాచాడు. "నడుం పట్టేసిందమ్మా. కాస్త కారు వెనక్కి తీసి పెడతావా?"

"అయ్యో, నాకు రాదండీ," అంది ఆమె. మరుక్షణం ముఖం ఎర్రబడింది.

"ఫర్వాలేదులే," అని ఆయనే కూర్చుని, నడుం నొప్పి లేని మనిషిలా సులువుగా కారు తిప్పాడు.

*

దారిలో క్యాసెట్ పెట్టారు. అదే పాట, అదే గొంతు. రెండు వాక్యాలు కాకముందే అసిస్టెంటు చేత్తో చెవి మూసుకుంది.

"ఏమైంది డిగ్రీ?"

"గుండుసూదులు గుచ్చినట్టుంది సార్! 'స' వచ్చినప్పుడల్లా పాము బుసకొడుతోంది. వేణువు కాదది, ఈల. పాట అయ్యాక చూడండి, ఆ ఖాళీ కూడా మూకుట్లో నూనె కాగుతున్నట్టు చిటపటలాడుతోంది." ఆమెకి ఒక్కసారిగా తట్టింది. "అంటే దొంగ వేసిన రీలే బాగుంది! పాడుచేయాల్సింది పోయి బాగుచేశాడా? ఇదెక్కడి దొంగ సార్?"

"నిదానం," అన్నాడు ఆయన. కానీ ముఖంలో సరదా లేదు.

శిష్యుడి స్టూడియో ఆ ఊళ్లోకెల్లా పెద్దది. గాజు తలుపులు, వరసగా కంప్యూటర్లు. నడివయసు మనిషి, మంచి పేరున్నవాడు. మేష్టారి మాట ఎత్తగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆయన నాకు మైకు పట్టుకోవడం నేర్పలేదండీ, నోరు మూసుకోవడం నేర్పారు. ఈ వృత్తిలో అదే సగం పని. ఆయన రీలు ఎవరో మార్చారా? అయ్యయ్యో."

'అయ్యయ్యో' కొంచెం ఆలస్యంగా వచ్చిందని అసిస్టెంటుకి అనిపించింది.

"స్టూడియో కొంటానన్నారట?"

"కొంటే ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపేస్తానని కాదు. ఆయన తర్వాత దాన్ని ఎవరూ కూల్చకూడదని."

"ఆ మూల ఉన్న టేపు మెషీను పనిచేస్తుందా?"

"అబ్బే, అలంకారానికి. ఏళ్లుగా దుమ్ము కొట్టుకుపోతోంది."

డిటెక్టివ్ దాని మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలు శుభ్రంగానే ఉంది. మెషీను అంచున, ఒక తెల్ల అంటుపట్టీ కింద, జానెడు పొడవున గోధుమరంగు టేపు ముక్క వేలాడుతోంది.

"ఇదేమిటి?"

"పాతదేదో... చెత్త."

"చెత్తే అయితే పారేయకుండా ఎందుకుంచారు?" శిష్యుడు ఆ ముక్కకి అడ్డంగా జరిగాడు. డిటెక్టివ్ మెల్లగా అన్నాడు, "రేపు సాయంత్రం మేష్టారి దగ్గరికి రండి. వచ్చేటప్పుడు ఈ ముక్క కూడా తీసుకురండి. జాగ్రత్త, మడత పడకూడదు."

కారెక్కాక అసిస్టెంటు ఊరుకోలేకపోయింది. "దొరికాడు కదా సార్! మీరెందుకంత దిగులుగా ఉన్నారు?"

"దొంగని పట్టుకోవడం తేలికేనమ్మా. పట్టుకున్నాక ఆ పెద్దాయనకి ఏం చెప్పాలో తెలియట్లేదు."

*

మర్నాడు సాయంత్రం అందరూ టేపు మెషీను చుట్టూ చేరారు. మేష్టారు తన కుర్చీలో ఉన్నాడు. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది. శిష్యుడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. బావమరిది పక్కన చిన్న బట్టల సంచీ ఉంది.

"ఏంటి సామాను?" అన్నాడు మేష్టారు.

"గడప దాటిస్తానన్నావటగా. గెంటించుకోవడమెందుకు, సర్దుకుని కూర్చున్నా."

డిటెక్టివ్ మేష్టారి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "నేను చెప్పేదాంట్లో ఒక చోట మీకు నొప్పి తగులుతుంది. వీళ్లని బయటికి పంపమంటారా?"

"ఇందులో పరాయివాళ్లెవరున్నారు? చెప్పండి."

"మీ మైకుల జోలికి పోకుండా పేరు లేని డబ్బా తీశారంటే, అది డబ్బు కోసం చేసిన పని కాదు. అందులో ఏముందో తెలిసినవాళ్ల పని. అలాంటివాళ్లు ముగ్గురే. మీ బావమరిది, కోడలు, శిష్యుడు. మారిన రీలు తోక బయటికి చుట్టి ఉంది. మీ బావమరిది ఏది విన్నా తిప్పేస్తాడు. ఎన్ని తిట్లు తిన్నా ఆ అలవాటు మారలేదు. అంటే ఆ రీలు చుట్టింది మీ దగ్గర పని నేర్చిన చెయ్యి. దొంగతనం చేస్తూ కూడా మీ రూలు తప్పలేని చెయ్యి."

బావమరిది గట్టిగా ఊపిరి వదిలాడు. కుర్చీ కిర్రుమంది. ఈసారి మేష్టారు గర్జించలేదు.

"పోయిన టేపు మళ్లీ అరలో ఎందుకు పెట్టలేదు? నకలు తీసుకుని పెట్టేయొచ్చుగా? దీనికి జవాబు ఆ తెల్ల అతుకుల్లో ఉంది. మీ పాటల్ని ఎవరూ కోయలేదు మేష్టారూ. అతుకులన్నీ పాటకీ పాటకీ మధ్య. నకలు తీస్తే బుస, అంటే టేపు వెనక వినబడే సన్నటి రొద, పెరుగుతుందని అసలు టేపునే ముక్కలు చేసి అక్కడ అతికారు. మీరు వెతుకుతున్న టేపు మీ ఎదురుగానే ఉంది, ఈ రీలులో. ఖర్చయిపోయింది కాబట్టే తిరిగి రాలేదు."

మేష్టారు రీలు వైపు చూశాడు. చేత్తో తాకబోయి ఆగాడు.

"ఆ పని ఎక్కడ జరిగిందో కూడా చూశాను. మీ శిష్యుడి పాత మెషీను మీద. దుమ్ము కొట్టుకుపోయిందన్న మెషీను మీద దుమ్ము లేదు. దాని అంచుకి, మీ రూలు ప్రకారం, కోసిన ముక్క అంటించి ఉంది. కానీ మీ అలమరాలోంచి రీళ్లు ఆయన చేతికి వాటంతట అవి నడిచి వెళ్లవుగా. నెల్లాళ్లు డ్రైవింగ్ నేర్చుకున్న మనిషికి కారు వెనక్కి తీయడం కూడా రాలేదు. ఆమె సంచీలో ఉన్నవి—"

"నేనే మావయ్యా," అంది కోడలు. "ఈ అన్నయ్య గారు తన మెషీను మాత్రమే ఇచ్చారు. తీసిందీ, మళ్లీ మిక్స్ చేసిందీ, రీలు మార్చిందీ నేనే."

"ఎందుకు?" అన్నాడు మేష్టారు. గొంతులో కోపం ఉంది. దాని కింద భయం కూడా ఉంది.

ఆమె డిటెక్టివ్ వైపు చూసింది, ఏం చేయమంటారన్నట్టు. శిష్యుడు తల దించుకున్నాడు.

"అది చెప్పలేకే ఆమె దొంగైంది," అన్నాడు డిటెక్టివ్. "నేనూ చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. మా ఆఫీసులో మీరు కథంతా చెప్పారు. సూదులు చూశానన్నారు, అతుకులు చూశానన్నారు. పాటలతో బతికిన మనిషి, 'విన్నాను' అని ఒక్కసారీ అనలేదు. నిన్న మా అమ్మాయి వాచీ కూసింది. అందరూ ఉలిక్కిపడ్డారు, మీరు తప్ప."

మేష్టారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"పై స్వరాలు పోయాయి," అన్నాడు చివరికి. "మాటలు వినబడతాయి. కుర్చీలు వినబడతాయి. సన్నటివేవీ వినబడవు. ఏడాదైంది. వినబడటం లేదని ట్రెబుల్, ఆ పై స్వరాల్నే, పెంచుకుంటూ పోయాను కదమ్మా? బాగా గుచ్చుకుందా?"

"కొంచెం, మావయ్యా."

"కొంచెం కాదు. నా దగ్గర నేర్చుకున్నదానివి, సరిగ్గా చెప్పు."

ఆమె కళ్ల నీళ్లతోనే నవ్వింది. "భరించలేకపోయాను. మీ పేరుతో అది బయటికెళ్తే ఎవరేమంటారో తల్చుకుని నిద్రపట్టలేదు. మీకు చెప్తే మళ్లీ ఈ కుర్చీలో కూర్చోరు. మీకు తెలీదనుకున్నాను."

"నీకు తెలీకూడదనుకున్నాను. అందుకే తలుపేసుకున్నాను." ఆయన డిటెక్టివ్ వైపు తిరిగాడు. "ఖాళీ టేపు కోసం ఎందుకంత కంగారు పడ్డానో మీరు అడగలేదు."

"అది నాకు తెలీదు," అని ఒప్పుకున్నాడు డిటెక్టివ్. అసిస్టెంటు ఆశ్చర్యంగా ఆయన వంక చూసింది.

"అది రోజూ పొద్దున్నే వేసుకునేవాణ్ణి. ఆ హాల్లో మొదటి పాట తీసిన రోజు. అందరూ బొమ్మల్లా కూర్చున్నారు. రికార్డింగు మొదలైందని ఎర్ర బల్బు వెలిగింది. పక్కగదిలో మా ఆవిడకి ఆ సంగతి తెలీదు, టీ కలుపుతోంది. చెంచా ఒక్కసారి కప్పుకి తగిలింది. టింగుమని, అంతే. తర్వాత తెలిసి నాలిక కరుచుకుంది. మళ్లీ తీద్దామన్నారు వాద్యాలవాళ్లు. వద్దన్నాను. ఇప్పుడు ఆమెది మిగిలిన చప్పుడు అదొక్కటే. ఒక పొద్దున టేపు వేస్తే చెంచా వినబడలేదు. టేపు అరిగిందనుకున్నాను. డాక్టరు కాదన్నాడు. అయినా రోజూ వేసేవాణ్ణి, ఇవాళ వినబడుతుందేమోనని. ఆ డబ్బా మాయమయ్యేసరికి నా గుట్టు ఎవరికో తెలిసిపోయిందని ప్రాణం పోయింది."

కోడలి చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

"మావయ్యా... ఆ చప్పుడు నాకు వినబడింది. ఏదో పొరపాటున పడిందనుకుని... కోసేశాను."

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. బావమరిది లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పోయినావిడ అతనికి అక్క.

అప్పుడు శిష్యుడు తలుపు దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. చొక్కా జేబులోంచి ఒక కవరు, కవర్లోంచి రెండు అట్టముక్కల మధ్య పెట్టిన జానెడు టేపు తీశాడు.

"మీ రూలే మేష్టారూ. రికార్డు బయటికి రాలేదుగా. పారేయలేదు."

మేష్టారు దాన్ని అరచేతిలో పట్టుకున్నాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా రీలుని చివరి పాట ముందు ఖాళీ దాకా చేత్తో నడిపించాడు. బ్లేడు అడిగాడు. ఇంతసేపూ వణికిన వేళ్లు టేపు మీదికి రాగానే నిలకడ పట్టాయి. వాలుగా ఒక కోత, ముక్క కూర్పు, రెండు తెల్ల అంటుపట్టీలు, గోటితో ఒక నొక్కు. అసిస్టెంటుకి కొసల మధ్య సందు కూడా కనబడలేదు.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు.

ఎర్ర బల్బు వెలిగించే అవసరం లేదు, అయినా వెలిగించాడు. బావమరిది కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. టేపు కదిలింది. ఎప్పుడో లేకుండా పోయిన హాలు స్పీకర్లలోంచి మెల్లగా ఊపిరి తీసింది. మేష్టారు సూది మీద చూపు నిలిపాడు. సూది కదల్లేదు. ఇంకా కదల్లేదు. ఉన్నట్టుండి రెప్పపాటు అదిరింది. అదే క్షణంలో గోడ దగ్గర కోడలి చూపుడువేలు లేచింది.

"ఎలా ఉంది?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"చక్కెర బాగా కలుపుతున్నట్టుంది మావయ్యా."

"మా అక్క ఎప్పుడూ రెండు చెంచాలు ఎక్కువే వేసేది," అన్నాడు బావమరిది.

కింద గేటు దగ్గర కంపెనీవాళ్ల కారు ఆగింది. మేష్టారు రీలుని చివరిదాకా తిప్పి, తీసి డబ్బాలో పెట్టాడు. తోక బయటికి. కోడలి చెవి వెనకనుంచి పెన్సిలు తీసుకుని డబ్బా మీద రాశాడు. 'రికార్డింగ్' కింద తన పేరు, 'మిక్సింగ్' కింద ఆమె పేరు.

"మావయ్యా, ఇది మీ సంకలనం."

"ఎవరి పని వాళ్లది. నువ్వు చేసినదానికి నా పేరు పెడితే నాకు దొంగతనం అంటగడతాడు ఈయన." డబ్బా ఆమె చేతికిచ్చాడు. "నువ్వే ఇచ్చిరా కిందికెళ్లి. రేపు పొద్దున్న నా పక్కన ఇంకో కుర్చీ వేసుకో. సన్నటివి నీవి, మిగతావి నావి."

"మరి నా సామాను?" అన్నాడు బావమరిది.

"సంచీ లోపల పెట్టు. ముందా కుర్చీ మార్చు."

సరిగ్గా అప్పుడు అసిస్టెంటు వాచీ మళ్లీ గంట కొట్టింది, సన్నగా, రెండుసార్లు. ఆమె కంగారుగా రెండో చేత్తో దాన్ని మూసింది. అందరి తలలూ అటు తిరిగాయి.

మేష్టారు వాళ్ల ముఖాలు ఒక్కొక్కటిగా చూశాడు.

"ఏంటమ్మా?" అనడిగాడు కోడల్ని. "ఏం మోగింది?"